ఫ్లాప్ అన్నారు సరే, ఎక్కడ చూద్దాం?

తణుకులోనో అమలాపురంలోనో శుక్రవారం మార్నింగ్ షో మొదలయ్యేసరికే సినిమా పోయిందని ఫోన్లో తేలిపోయి ఉంటుంది. అమెరికా ప్రీమియర్లు మనకి తెల్లవారేసరికి అయిపోతాయి. ఇంటర్వెల్ దగ్గర ఒక మాట, క్లైమాక్స్ దగ్గర ఇంకో మాట, ఆ వెనకే మీమ్స్. ముందే టికెట్ తీసుకున్నవాళ్ళు దిగాలుగా హాలుకి వెళ్తారు. తీసుకోనివాళ్ళు "ఓటీటీలో చూద్దాంలే" అనుకుంటారు. ఆ మాట అనుకున్నవాళ్ళలో చాలామంది తర్వాత చూడరు.

పోయిన సినిమాలంటే నాకు ఇష్టం. అన్నీ కాదు, కొన్ని నిజంగానే ఓపికని పరీక్షిస్తాయి. కానీ జనం ఒకప్పుడు వదిలేసిన సినిమాల్లో నేను ఇప్పటికీ పదేపదే పెట్టుకుని చూసేవి ఉన్నాయి. వాటిలో కొన్ని హాల్లోనే బాగుంటాయి, కొన్ని ఇంట్లోనే బాగుంటాయి. హాలు, ఓటీటీ, టీవీ, యూట్యూబ్, రీరిలీజ్ అని ఇప్పుడు మన ముందు ఇన్ని దారులున్నాయి కాబట్టి ఏ ఫ్లాప్‌కి ఏ దారి మంచిదో కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. అది తేలాలంటే ముందు ఆ సినిమా ఎందుకు పోయిందో తెలియాలి.

ఎవరికి ఫ్లాప్?

సినిమా వ్యాపారంలో మన గోదావరి డెల్టా అంటే రెండు ఏరియాలు: ఈస్ట్, వెస్ట్ (పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు). 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి కోనసీమ, కాకినాడ, ఏలూరు అని కొత్త పేర్లు వచ్చినా ట్రేడ్ లెక్కల్లో ఇప్పటికీ ఈస్టే, వెస్టే. ఒక సినిమా ఈస్ట్ హక్కులు ఆరు కోట్లకి కొన్నారనుకోండి. టికెట్ డబ్బులోంచి జీఎస్టీ పోవాలి, హాలు అద్దె పోవాలి, మిగిలిన షేర్ ఆరు కోట్లకి చేరితేనే బ్రేక్ ఈవెన్, అంటే పెట్టిన డబ్బు వెనక్కొచ్చినట్టు. ఐదు కోట్ల దగ్గర ఆగితే ఫ్లాప్. అదే సినిమాని నాలుగు కోట్లకి కొని ఉంటే హిట్ అనేవాళ్ళు. తెర మీద ఒక్క సీనూ మారలేదు, మారింది కొన్న ధర.

2019 ఆగస్టు 30న వచ్చిన 'సాహో' సంగతే చూడండి. హిందీలో డబ్బు తెచ్చింది, తెలుగులో కొన్నవాళ్ళకి నష్టం మిగిల్చింది. ఒకే సినిమా ఒకచోట హిట్టూ ఇంకోచోట ఫ్లాపూ అయిందంటే, ఆ మాటలో సినిమా గుణం కంటే బేరం గురించే ఎక్కువ ఉందని అర్థం.

హాలు నడిపేవాళ్ళ బాధ వేరు. 2025 వేసవిలో జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తామన్న పెద్ద గొడవ మొదలైంది మన తూర్పు గోదావరి ఎగ్జిబిటర్ల దగ్గరే. జనం వచ్చే మొదటి వారం అద్దె పద్ధతి (హాలుకి ఇంత అని కట్టిన అద్దె), జనం పలచబడ్డాక పర్సెంటేజీ పద్ధతి (వసూళ్ళలో వాటా) పెడితే మాకు మిగిలేది ఏమిటని వాళ్ళ ప్రశ్న. ఒక సినిమా పోతే కరెంటు బిల్లు, జీతాలు భరించేది ఊళ్ళో ఉన్న ఆ హాలే. ఫ్లాప్ సినిమాకి సోమవారం నాడు మీరు తీసుకునే టికెట్ విలువ ఆ హాలు నడిపేవాళ్ళకి బాగా తెలుస్తుంది. నేను హాలు వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం, దాచుకోను.

ఏమని తిడుతున్నారో వినండి

రేటింగ్ అంకెలు చూడకండి. రెండున్నరా, రెండుంబావా అన్నదాంట్లో మీకు పనికొచ్చేది ఏమీ లేదు. తిట్టు ఏ రకందో చూడండి. నా అనుభవంలో అన్ని తిట్లలోకీ ఎక్కువ ఆశ పెట్టుకోదగ్గది "హీరో రేంజ్‌కి తగ్గట్టు లేదు" అనేది.

'ఖలేజా' 2010 అక్టోబర్ 7న వచ్చింది. తీసిన త్రివిక్రమ్ మన భీమవరం మనిషి. 'అతడు' తర్వాత ఐదేళ్ళకి మహేశ్, త్రివిక్రమ్ జోడీ మళ్ళీ కలిసింది కాబట్టి జనం ఇంకో 'అతడు' కోసం కూర్చున్నారు. తెర మీద చూస్తే ఒక టాక్సీ డ్రైవరు, మారుమూల పల్లె, అతనే దేవుడని నమ్మే మనుషులు, తను దేవుణ్ణి కాదు మొర్రో అని అతని గోల. అదే ఏడాది నవంబరులో 'ఆరెంజ్'. 'మగధీర' చేసిన రామ్‌చరణ్ వచ్చి ప్రేమ కలకాలం ఉండదని వాదిస్తే హాల్లో కూర్చున్నవాళ్ళకి మింగుడుపడలేదు. ఈ రెండిటి మీదా వచ్చిన ఫిర్యాదు సారాంశం ఒకటే: మేం అనుకున్నది ఇది కాదు. ఆ అనుకోవడం కొన్నాళ్ళకి మాసిపోతుంది, సినిమా మాత్రం అలాగే ఉంటుంది. అందుకే 'ఖలేజా' టీవీలో వచ్చిన ప్రతిసారీ జనాన్ని కూర్చోబెట్టింది, 'ఆరెంజ్' 2023 మార్చిలో రీరిలీజ్‌కి హాళ్ళు నింపింది. ఈ రకం తిట్టు వినపడితే నా సలహా: ఓటీటీ దాకా ఆగొద్దు, ఆ వారమే హాల్లో చూసేయండి. పదేళ్ళ తర్వాత అందరూ మెచ్చుకునేదాన్ని మీరు ముందే పెద్ద తెర మీద చూసినవారవుతారు.

"అర్థం కాలేదు" అన్నది రెండో రకం. '1 నేనొక్కడినే' 2014 జనవరి 10న సంక్రాంతికి దిగింది. దాన్ని తీసిన సుకుమార్‌ది రాజోలు దగ్గర మట్టపర్రు. హీరో కళ్ళకి కనిపించేదేది నిజం, ఏది భ్రమ అన్నది తేల్చుకుంటూ చూడాల్సిన సినిమా అది. పండక్కి పిల్లాపాపలతో, అత్తారింటి బృందంతో వచ్చినవాళ్ళు అలా చూసే స్థితిలో లేరు. విడుదలయ్యాక సుమారు 20 నిమిషాలు కోసేశారు, అయినా మన దగ్గర నిలబడలేదు. ఇలాంటివాటికి ఇల్లే మేలు. రాత్రి భోజనాలయ్యాక ఒక్కరే కూర్చుని, అవసరమైతే వెనక్కి తిప్పుకుని చూడటానికి ఓటీటీని మించింది లేదు. అయితే దాని కెమెరా పనితనం, నేపథ్య సంగీతం ఫోన్లో సగం కూడా దక్కవు. కనీసం టీవీకి కలుపుకోండి.

గ్రాఫిక్స్ బాలేవు అన్నది మూడోది. 'ఆదిపురుష్' టీజర్ 2022 అక్టోబర్‌లో వచ్చినప్పుడే ఆ మాట మొదలై, జనవరిలో రావాల్సిన సినిమా 2023 జూన్ 16కి జరిగింది. ప్రతి హాల్లో హనుమంతుడికి ఒక సీటు ఖాళీగా ఉంచారు. భక్తితో వెళ్ళిన ఇంటి పెద్దవాళ్ళు ఆ సీటుకి దణ్ణం పెట్టుకున్నారు కూడా. కానీ పెద్ద తెర తప్పుల్ని దాచదు, ఇంకా పెద్దవి చేసి చూపిస్తుంది. ఈ తిట్టు వినిపిస్తే ఇంటి టీవీయే నయం.

ఇక "సెకండాఫ్ ల్యాగ్" అంటారా, దాన్ని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ప్రతి సినిమాకీ అంటారు.

హాలు: సోమవారం నుంచి గురువారం దాకా

పెద్ద సినిమాకి మొదటి రోజు వెళ్ళాలా? పోయిందని తెలిశాక ఎందుకు? 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్'కి మన రాష్ట్రంలో అర్ధరాత్రి ఒంటిగంట ఆటకి టికెట్ ₹600. మామూలు ఆటలకి సింగిల్ స్క్రీన్‌లో ₹135, మల్టీప్లెక్స్‌లో ₹175 అదనంగా పెంచుకోనిచ్చారు. నలుగురున్న ఇంటికి, దారిఖర్చులు కలుపుకుంటే, అది ఓటీటీ చందా కంటే చాలా ఎక్కువ. ఆ ధరలో సినిమా మీద కోపం పుట్టడం సహజం, ఆ కోపం సినిమాదో ధరదో విడదీయలేం. 2022 మార్చి జీవో ప్రకారం మన రాష్ట్రంలో టికెట్ కనిష్ఠం ₹20, గరిష్ఠం ₹250 అని ఉంది. పెంపు గడువు తీరాక చిన్న ఊళ్ళ హాళ్ళలో వంద రూపాయల్లోపు టికెట్ దొరుకుతుంది, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ వందలోపు టికెట్ మీద జీఎస్టీ కూడా 5 శాతానికి తగ్గింది.

పోయిన సినిమాకి హాల్లో ఆయుష్షు తక్కువ. వచ్చే శుక్రవారానికి కొత్త బొమ్మ పడుతుంది. అందువల్ల మీకు మిగిలేవి సోమవారం నుంచి గురువారం దాకా. ఆ రోజుల్లో మంచి సీటు, ఎవరి గోలా లేని హాలు దొరుకుతాయి. ఇబ్బందీ ఒకటుంది: జనం మరీ తక్కువైతే ఆట రద్దు చేస్తారు. లంక గ్రామాల నుంచీ, అవతలి గట్టు నుంచీ వచ్చేవాళ్ళు బయల్దేరే ముందు హాలుకి ఫోన్ చేసి కనుక్కోండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (గోదావరి దాటించే పడవ) మీద దాటి వచ్చేవాళ్ళయితే మ్యాట్నీయే పెట్టుకోండి, ఫస్ట్ షో వదిలాక ఆఖరి పంటు కోసం పరిగెత్తాల్సి వస్తే క్లైమాక్స్ మీద మనసు నిలవదు.

ఓపిక పట్టిన హాలు సినిమాని నిలబెట్టిన రోజులు ఉన్నాయి. 1980 ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' వచ్చినప్పుడు మొదటి రోజుల్లో హాళ్ళు బోసిపోయాయి. పేరున్న హీరో లేడు, పాటలన్నీ శాస్త్రీయం. చూసినవాళ్ళు ఇంకొకరికి చెప్పారు, వాళ్ళు మరొకరికి చెప్పారు, ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. ఇప్పటి పద్ధతిలో దానికి అంత గడువు దొరికేదా అన్నది నన్ను నిజంగా కలవరపెట్టే ప్రశ్న. చిన్న సినిమా ఏదైనా బాగుందని ఒక్కరు చెప్పినా నేను ఓటీటీకి వదలకుండా హాలుకే వెళ్ళడం అందుకే. పెద్ద హీరో సినిమా పోయినా టీవీలో వందసార్లు వేస్తారు. చిన్నది ఆ వారం దాటితే కనపడకుండానే పోతుంది.

ఓటీటీ, టీవీ

ఓటీటీ సౌకర్యం గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఎప్పుడొస్తుందన్న లెక్క మాత్రం చూసుకోవాలి. పోయిన సినిమా త్వరగా వస్తుందని మనందరి నమ్మకం, చాలావరకు నిజమే. 'రాధేశ్యామ్' 2022 మార్చి 11న హాళ్ళకొచ్చి ఏప్రిల్ 1కి ఇంట్లోకి వచ్చింది. 'ఆచార్య' ఏప్రిల్ 29న వచ్చి మే 20కి. రెండూ సరిగ్గా మూడు వారాలే. 2022 ఆగస్టులో షూటింగులు ఆపి మరీ నిర్మాతలు ఎనిమిది వారాల గడువు గురించి మాట్లాడారు గానీ, 2025 జనవరి 10న వచ్చిన 'గేమ్ ఛేంజర్' ఫిబ్రవరి 7కే ఓటీటీలో ఉంది. నాలుగు వారాలు.

దీన్ని నమ్ముకుని కూర్చుంటే అందనివీ ఉన్నాయి. అఖిల్ 'ఏజెంట్' 2023 ఏప్రిల్ 28న విడుదలై ఓటీటీకి వచ్చింది 2025 మార్చి 14న. దాదాపు రెండేళ్ళు. ఒప్పందాల్లో చిక్కులు పడితే అంతే. మీకు ఒక సినిమా మీద నిజంగా ఆసక్తి ఉండి, ఓటీటీ తేదీ ఎవరూ ప్రకటించకపోతే హాల్లోనే చూసేయడం మంచిది.

టీవీ సంగతి వేరే. ప్రకటనలతో కలిపి సినిమా నాలుగు గంటలకి సాగుతుంది, అయినా మన ఇళ్ళలో కొన్ని సినిమాలకి అదే సరైన చోటు. వంటింట్లోంచి పిన్ని వచ్చి ఒక సీను చూసి వెళ్తుంది, తాతయ్య కునుకు తీసి లేచి ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతాడు. కథ బలహీనంగా ఉండి కామెడీ ముక్కలు మాత్రం బాగున్న సినిమా అలా చూస్తేనే సరదా. మొదటి నుంచి చివరి దాకా కదలకుండా చూడమంటే కష్టమనిపించే సినిమాలోంచి, పండగ పూట వచ్చిపోతూ చూస్తే, మంచి ముక్కలన్నీ చేతికొస్తాయి.

పైరసీ కాపీని ఈ పోలికలోకి తీసుకురావడం లేదు. ఐబొమ్మ అనే పైరసీ సైటు నడిపినవాడిని 2025 నవంబర్‌లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నాక కొంతమంది అతన్ని ఏదో దానకర్ణుడిలా పొగిడారు. నాకు అది మింగుడుపడలేదు. అసలే పోయిన సినిమాకి వచ్చే నాలుగు రూపాయలు కూడా అలా పోతే, మళ్ళీ ఎవరు ధైర్యం చేసి వేరే రకం కథ తీస్తారు?

యూట్యూబ్ అనే వింత లోకం

మన దగ్గర పోయిన సినిమాలు ఉత్తరాదిలో ఇంకో జన్మ ఎత్తుతాయి. 2017 ఆగస్టులో వచ్చిన 'జయ జానకి నాయక' హిందీలో 'ఖూంఖార్' అయింది, యూట్యూబ్‌లో దానికి 70 కోట్లకు పైగా వ్యూస్ వచ్చినట్టు వార్తలు వచ్చాయి. ప్రభాస్ 'రెబల్' అక్కడ 'ద రిటర్న్ ఆఫ్ రెబల్'. పవన్ కల్యాణ్ 'అజ్ఞాతవాసి' హిందీకి వెళ్ళేసరికి 'ఎవడు 3' అయిపోయింది, రామ్‌చరణ్ 'ఎవడు'కీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ 'అజ్ఞాతవాసి' కథ ఒక ఫ్రెంచ్ సినిమాని పోలి ఉందని గొడవ లేస్తే, ఆ ఫ్రెంచ్ దర్శకుడే పారిస్‌లో హాలుకి వెళ్ళి చూసి తన అభిప్రాయం ట్విట్టర్‌లో రాశాడు. అలాంటిది ఇంకెక్కడా వినలేదు.

కాకినాడ కథ 'డియర్ కామ్రేడ్' నాకు దగ్గరి ఉదాహరణ. 2019 జూలై 26న నాలుగు భాషల్లో వచ్చింది. అంచనాలు అందుకోలేదన్నారు, నిడివి తగ్గించారు. తర్వాత దాని హిందీ డబ్బింగ్‌ని యూట్యూబ్‌లో కోట్లమంది చూశారు. ఎందుకంటారా? ఆ చూసేవాళ్ళకి విజయ్ దేవరకొండ ముందు సినిమా ఏమిటో, ఏ ఏరియా ఎంతకి కొన్నారో తెలియదు. ఒక కోపిష్టి కుర్రాడు, క్రికెట్ ఆడే అమ్మాయి, ఆమెకి జరిగిన అన్యాయం: కథని కథగా చూశారు. మనం కూడా ఆ చూపుతో చూడగలిగితే బాగుంటుంది, కానీ డబ్బింగ్‌లో మాత్రం వద్దు. కాకినాడ యాస పోయాక అందులో ఉప్పు పోయినట్టే. తెలుగులోనే వెతుక్కోండి.

వ్యూస్ ఎక్కువున్నాయి కాబట్టి గొప్ప సినిమా అనుకోవడం కూడా సరికాదు. ఉచితంగా నడిచే వీడియో మీద నొక్కడం వేరు, బండి తీసి టికెట్ కొనుక్కుని వెళ్ళడం వేరు.

ఇక ముక్కలుగా చూడటం. 'పల్నాటి బ్రహ్మనాయుడు' 2003లో పోయింది. బాలకృష్ణ తొడగొడితే రైలు వెనక్కి వెళ్ళే ఆ ఒక్క సీను మాత్రం భాష తెలియని దేశాల్లో కూడా తిరిగింది. నవ్వుకోవడంలో తప్పులేదు. అయితే తొడగొట్టగానే హాల్లో ఈలలు వేసే జనం కోసం, ఆ ఉత్సాహపు లెక్క ప్రకారం కట్టిన సీను అది. హాలు నుంచి విడదీసి ఫోన్లో అరనిమిషం చూస్తే లెక్క తెగిపోతుంది. ఒక సినిమా చూడాలో వద్దో ఇలాంటి ముక్కని బట్టి తేల్చుకోవద్దు.

రీరిలీజ్

2022 ఆగస్టు 9న మహేశ్ పుట్టినరోజుకి 'పోకిరి' మళ్ళీ వేయడంతో ఊపందుకున్న ఈ ఆచారం హిట్లతో ఆగలేదు. సిద్ధార్థ్ 'ఓయ్' 2009లో వచ్చినప్పుడు ఆడలేదు, 2024 ఫిబ్రవరి 14న వేస్తే పాటలన్నీ హాలంతా పాడింది. 'ఆరెంజ్'ది కూడా అదే కథ. ఈ రెండిటినీ ఇన్నేళ్ళు మోసింది పాటలే. పాటలు మిగిలిన ఫ్లాప్ అయితే రీరిలీజ్‌లో చూడటం ఎంత బాగుంటుందో, మాటలు మిగిలిన ఫ్లాప్ అయితే అంత కష్టం. 2025 మే 30న 'ఖలేజా' మళ్ళీ వచ్చినప్పుడు ప్రతి డైలాగూ తెర కంటే ముందు జనమే చెప్పేశారు. విజయవాడలో ఒక అభిమాని బతికున్న పాముని పట్టుకుని తెర ముందుకి వచ్చిన వీడియో అంతటా తిరిగింది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి అది సరదా కాదు. మొదటి ఆట అభిమానులకి వదిలేసి మర్నాడు మ్యాట్నీకి వెళ్ళండి, త్రివిక్రమ్ మాటలు వినపడతాయి.

సంక్రాంతి

ఇంట్లోవాళ్ళంతా కలిసి ఒక్క సినిమానే ఎంచుకోవాల్సిన సందర్భం మనకి ఏటా సంక్రాంతికే వస్తుంది. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి అందరూ దిగుతారు. భోగి నుంచి ముక్కనుమ దాకా టాక్ ఎలా ఉన్నా హాళ్ళు నిండుతాయి కాబట్టి ఆ నాలుగు రోజుల జనాన్ని చూసి సినిమా బాగుందనుకోవద్దు. 2025లో 'గేమ్ ఛేంజర్', 'డాకు మహారాజ్', 'సంక్రాంతికి వస్తున్నాం' నాలుగైదు రోజుల తేడాతో దిగాయి. మూడోది రాజమండ్రి అల్లుడి కథ, తాతయ్య నుంచి మనవడి దాకా అందరినీ నవ్వించింది. అలాంటిది ఉన్నప్పుడు పదిమందితో దానికే వెళ్ళండి, వేరే ఆలోచన వద్దు. పోయిందన్న సినిమా మీద మీకు మనసుంటే పండగ నాలుగు రోజులూ ఆగండి. అందర్నీ రైలెక్కించాక, టికెట్ మామూలు ధరకి దిగాక, బావనో మరదలినో సినిమా పిచ్చి ఉన్న ఒక్కరిని తోడు తీసుకుని వెళ్ళండి. బలవంతంగా పదిమందిని తీసుకెళ్తే సినిమా అయ్యేలోపు వాళ్ళ విసుగే మీ అభిప్రాయం అయిపోతుంది.